సంఘపు మీటరుతో 11 కె.వి. లైను సంగతి తెలుసుకొనుట ఎట్లు?

(పాల సంఘాల కార్యదర్శులకు, శీతలీకరణ యూనిట్ల ఆపరేటర్లకు విద్యుత్ పాఠం)

పాల సంఘానికి గడ్డి, దాణా ఎంత అవసరమో కరెంటూ అంతే అవసరం. సాయంత్రం పోసిన పాలను కంప్రెసరు 4 డిగ్రీల సెంటిగ్రేడుకు దింపి నిలపకపోతే తెల్లవారి ట్యాంకరు వచ్చేసరికి అవి పులుస్తాయి. ఆ నష్టం సంఘానిదే కాదు, ఆ పూట పాలు పోసిన ప్రతి సభ్యునిది. అందువల్ల కరెంటులో తేడా వచ్చినప్పుడు కార్యదర్శికి, ఆపరేటరుకు తొందర పుట్టుట సహజం. ఆ తొందరలోనే ప్రమాదం ఉన్నది. లైన్‌మన్ రాకముందే ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె ఎక్కేవారు, వెదురు కర్రతో ఫ్యూజు కదిపి చూసేవారు మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో లేకపోలేదు. పొలం మోటారు కోసం ట్రాన్స్‌ఫార్మరు ఎక్కి ప్రాణం పోగొట్టుకున్న రైతుల వార్తలు మనం పత్రికలలో చదువుతూనే ఉన్నాము.

ఈ పాఠంలో చెప్పదలచిన సంగతి ఒక్కటే. 11,000 వోల్టుల లైను సరిగా ఉన్నదో లేదో తెలుసుకొనుటకు ఆ లైను దగ్గరకు పోవలసిన పని లేదు. పాల కేంద్రంలో మెయిన్ స్విచ్ వద్ద నిలబడి, మామూలు మల్టీమీటరుతో, చిన్న గుణకారంతో తెలుసుకొనవచ్చును.

1. ఎక్కడి వరకు మనది, ఎక్కడి నుండి కాదు

1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు వోల్టేజిని నాలుగు తరగతులుగా విభజించినవి. 250 వోల్టుల వరకు లో, 650 వరకు మీడియం, 33,000 వరకు హై, ఆపైన ఎక్స్‌ట్రా హై. ఆ తరువాత నిబంధనలు మారినా మన పాఠానికి ఈ 650 వోల్టుల గీత చాలును. గీతకు ఇవతల ఉన్నది మన మెయిన్ స్విచ్, స్టార్టరు, కంప్రెసరు. అవతల ఉన్నది స్తంభం మీది 11 కె.వి. లైను, హెచ్.జి. ఫ్యూజులు, ఏబీ స్విచ్. అది దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ వారిది. వారు సైతం లైన్ క్లియర్ తీసుకొని, ఎర్త్ రాడ్లు తగిలించిన తరువాతనే చేయి పెట్టవలెను.

11 కె.వి. లైనులో రెండు తీగల మధ్య 11,000 వోల్టులు ఉండును. ఒక తీగకూ నేలకూ మధ్య దాదాపు 6,350 వోల్టులు. నేల మీద నిలబడిన మనిషి ఒక్క తీగను తాకినా ఈ 6,350 వోల్టులు అతని ఒంటి గుండా పోవును. పైగా మనం చెప్పే అంకె సగటు వంటిది. అలలాగా పైకీ కిందికీ పోయే కరెంటులో శిఖరపు వోల్టేజి దానికి 1.414 రెట్లు. 415 వోల్టులకు శిఖరం 587, 11,000కు 15,500 పైచిలుకు. 600 లేక 750 వోల్టులని రాసి ఉన్న మీటరును అక్కడ తగిలించుట అంటే దానిని చేతిలో పేల్చుకొనుటయే.

2. బ్యూటిరోమీటరు నేర్పే సూత్రం

మరి విద్యుత్ శాఖ వారు 11,000 వోల్టులను ఎట్లు కొలుస్తున్నారు? ఈ ప్రశ్నకు జవాబు మన పాల పరీక్ష బల్ల మీదనే ఉన్నది.

క్యాను పాలలో వెన్న ఎంత ఉన్నదో తెలుసుకొనుటకు మనం క్యాను మొత్తాన్ని పరీక్షించము. గెర్బర్ పద్ధతిలో 10 మి.లీ. సల్ఫ్యూరిక్ ఆమ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. ఎమైల్ ఆల్కహాలు బ్యూటిరోమీటరులో పోసి తిప్పుతాము. పాలు బాగా కలిపి, కొలత ప్రకారం తీసుకుంటే ఆ 10.75 మి.లీ. క్యాను మొత్తానికి సాక్ష్యం చెప్పును. ఇప్పుడు చాలా కేంద్రాలలో మిల్క్ ఎనలైజరు వచ్చినా సూత్రం మాత్రం మారలేదు.

హై వోల్టేజి కొలతా ఇంతే. మొత్తం వోల్టేజిని మీటరుకు చూపరు. తెలిసిన నిష్పత్తిలో కొంత భాగాన్నే చూపుతారు. మిర్యాలగూడలో పెద్ద రైసుమిల్లుల ఆవరణలో 11 కె.వి. మీటరింగు సెట్టు ఉండును. అందులోని పి.టి., అనగా పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మరు, 11,000 వోల్టులను 110 వోల్టులకు దింపును. నిష్పత్తి 100కు 1. మీటరుకు అందేది 110 వోల్టులే, దానిని 100తో గుణించితే లైను వోల్టేజి వచ్చును. 220 కె.వి., 400 కె.వి. వంటి పెద్ద లైన్ల వద్ద కెపాసిటర్లను దొంతరగా పేర్చి, కింది కెపాసిటరు వాటాకు వచ్చిన భాగాన్ని కొలుస్తారు. వెనుకటి టి.వి. మెకానిక్కులు పిక్చరు ట్యూబులోని 20,000 పైచిలుకు వోల్టులను కొలుచుటకు వాడిన హై వోల్టేజి ప్రోబులోనూ 1,000కి 1 చొప్పున భాగించే నిరోధాలే ఉండును.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ టి.వి. ప్రోబు మీద 40 కె.వి. అని రాసి ఉన్నది కదా, 11 కె.వి. లైనుకు చాలదా అని అడిగేవారు ఉన్నారు. చాలదు. టి.వి. ట్యూబు వెనుక ఉన్న శక్తి కొద్దిపాటిది. ఏదైనా తప్పితే అది తనంత తాను పడిపోవును. లైను వెనుక సబ్‌స్టేషను మొత్తం ఉన్నది. చెంబులోని నీరు ఒలికినా, చెరువు కట్ట తెగినా వచ్చేది నీరే, కాని నష్టం ఒకటి కాదు. కావున అటువంటి ప్రోబును విద్యుత్ లైన్లకు ఎన్నడూ వాడకూడదు.

3. మన ట్రాన్స్‌ఫార్మరే మన పి.టి.

సంఘానికి ప్రత్యేకంగా పి.టి. అక్కరలేదు. ఊరి ట్రాన్స్‌ఫార్మరే ఆ పని చేస్తున్నది. దాని పేరు పలక మీద 11,000/433 అని ఉండును. లోడు లేనప్పుడు పైన 11,000 వోల్టులు ఉంటే కింద రెండు ఫేజుల మధ్య 433 రావలెను. 11,000ను 433తో భాగించితే 25.4. ఇదే మన గుణకం.

ఫేజుల మధ్య 433 చూపితే లైనులో 11,000. 415 చూపితే 415 × 25.4, అనగా దాదాపు 10,540. 394 చూపితే దాదాపు 10,010.

ఈ చివరి అంకెను గుర్తుంచుకొనవలెను. 1956 నిబంధనలలో హై వోల్టేజి సరఫరాకు పైకి 6 శాతం, కిందికి 9 శాతం వరకే తేడాను అనుమతించినారు. 11,000లో 9 శాతం తగ్గితే 10,010. లోడు లేని వేళ మన మీటరు 394 కన్నా తక్కువ చూపితే లైను ఆ హద్దు కన్నా కిందికి దిగినట్లు భావించవచ్చును. లో, మీడియం వోల్టేజికి హద్దు 6 శాతం. 415 మీద అది 390 నుండి 440 వరకు.

లెక్క సరిపోవుటకు రెండు షరతులు ఉన్నవి. మొదటిది, లోడు తక్కువ ఉన్న వేళ చూడవలెను. ట్రాన్స్‌ఫార్మరు మీద పొలం మోటార్లు ఉంటే అవి ఆగిన వేళ, మన కంప్రెసరు ఆపి చూడవలెను. లోడు మీద ట్రాన్స్‌ఫార్మరులోను, సర్వీసు తీగలోను కొంత వోల్టేజి తగ్గును. ఆ తగ్గుదలను లైను మీద వేయుట న్యాయం కాదు. రెండవది, ట్యాపులు ఉన్న ట్రాన్స్‌ఫార్మరైతే గుణకం ట్యాపును బట్టి మారును. ఆ సంగతి లైన్‌మన్‌ను అడిగి తెలుసుకొనవలెను.

ఈ రెండు కొలతలను, లోడు లేనప్పటిదీ లోడు ఉన్నప్పటిదీ, పక్కపక్కన రాసుకుంటే లోపం ఎక్కడున్నదో తెలిసిపోవును. రెండూ తక్కువైతే లోపం పై లైనులో. లోడు లేనప్పుడు 425 ఉండి, కంప్రెసరు తిరగగానే 370కి పడితే లోపం ఇవతల: సన్నపు సర్వీసు తీగ, వదులైన జంపరు, లేక మోయలేని బరువు మోస్తున్న ట్రాన్స్‌ఫార్మరు.

4. మీటరు, తీగలు

మీటరు మీద కాట్ అనే గుర్తు చూడవలెను. కంప్రెసరు ప్యానెలు వద్ద కనీసం కాట్-3, 600 వోల్టులు ఉండవలెను. సర్వీసు తీగ వచ్చి చేరే చోట కాట్-4 ఉత్తమం. 750 వోల్టులు అని అంకె ఉండి కాట్ గుర్తు లేని చవక మీటరు రేడియోకు, బ్యాటరీకి పనికివచ్చును గాని మూడు ఫేజుల ప్యానెలుకు పనికిరాదు. లైనులో అప్పుడప్పుడు వచ్చే క్షణకాలపు పోటును అది తట్టుకొనలేదు.

తీగల మీద పగుళ్ళు ఉంటే పారవేయవలెను. టేపు చుట్టి వాడకూడదు. ప్రోబు మొన ఎక్కువ పొడవు బయటకు ఉండరాదు. నల్ల తీగ కామన్ రంధ్రంలో, ఎర్ర తీగ వోల్టు రంధ్రంలో ఉన్నవో లేదో ప్రతిసారీ కళ్ళతో చూడవలెను. ముందు ఎవరో ఆంపియర్లు కొలిచి, ఎర్ర తీగను ఆ రంధ్రంలోనే వదిలిపెట్టి ఉండవచ్చును. అట్లాగే రెండు ఫేజులకు తగిలిస్తే అది మీటరు కాదు, రెండు ఫేజుల మధ్య వేసిన ఇనుప ముక్క. మంట ముఖం మీదికే వచ్చును.

5. చూసే పద్ధతి

మన పని తడి పని. చేతులు, నేల, చెప్పులు అన్నీ పాలతో, నీటితో తడిసి ఉండును. తడి ఒంటి నిరోధం 1,000 ఓములు అనుకుంటే 230 వోల్టులకే 230 మిల్లీ ఆంపియర్లు పారును. ప్రాణరక్షణకు పెట్టే ఇ.ఎల్.సి.బి. 30 మిల్లీ ఆంపియర్లకే తెగేటట్లు ఎందుకు చేసినారో దీనినిబట్టి గ్రహించవచ్చును. కావున ఈ క్రమం తప్పకూడదు.

అ) చేతులు తుడుచుకొని, నేల ఆరనిచ్చి, రబ్బరు చాప మీద పొడి చెప్పులతో నిలబడవలెను. ఉంగరం, కడియం, గడియారం తీయవలెను. పక్కన ఒక మనిషి ఉండవలెను. మెయిన్ ఎక్కడ ఆపవలెనో అతనికి ముందే చూపవలెను.

ఆ) మీటరును ఏసీ వోల్టులలో అన్నిటికన్నా పెద్ద రేంజిలో పెట్టవలెను.

ఇ) ముందుగా, కరెంటు ఉన్నదని తెలిసిన సాకెట్టులో మీటరును చూడవలెను. తరువాత మెయిన్ స్విచ్ వద్ద కొలవవలెను. ఆ తరువాత మళ్ళీ అదే సాకెట్టులో చూడవలెను. మధ్యలో సున్న వచ్చిందంటే కరెంటు లేనట్లా, మీటరు చెడినట్లా? ముందూ వెనుకా పరీక్షించిన మీటరు చెప్పిన సున్ననే నమ్మవలెను.

ఈ) నల్ల తీగను మొసలి క్లిప్పుతో న్యూట్రలుకు తగిలించి, ఎర్ర తీగను ఒక్క చేతితో ఫేజుకు ఆనించవలెను. రెండవ చేయి వెనుకకు ఉండవలెను. తీసేటప్పుడు ఎర్రది ముందు, నల్లది తరువాత.

ఉ) మూడు ఫేజులను న్యూట్రలుతో మూడు కొలతలు, ఫేజుల మధ్య మూడు కొలతలు, మొత్తం ఆరు రాసుకొనవలెను. మోటార్లు అన్నీ ఆపి చూడవలెను. మోటారు తగిలి ఉంటే చచ్చిన ఫేజు కూడా బతికినట్లు కనిపించును. డిజిటల్ మీటరు ఖాళీ తీగ మీద ఊరికే 30, 40 వోల్టులు చూపుట కద్దు. దానిని చూసి భయపడరాదు, అట్లని ఆ తీగను తాకనూ రాదు.

6. ఆరు కొలతలు చెప్పే మూడు కథలు

మొదటిది: రెండు ఫేజులు 240, ఒకటి సున్న లేక దాని దగ్గర. కింది వైపు, అనగా ఎల్.టి. ఫ్యూజు పోయినది, లేదా ఆ ఫేజు తీగ తెగినది.

రెండవది: ఒక ఫేజు 240, మిగిలిన రెండూ సగం, అనగా దాదాపు 120 చొప్పున. ఆ రెండు సగం ఫేజుల మధ్య కొలిస్తే దాదాపు సున్న. మంచి ఫేజుకూ వాటికీ మధ్య దాదాపు 360. ఇది పై వైపు, హెచ్.జి. ఫ్యూజు ఒకటి పోయినదనుటకు, లేదా 11 కె.వి. తీగ ఒకటి తెగినదనుటకు గుర్తు. కారణం ఏమనగా, ట్రాన్స్‌ఫార్మరు పై చుట్లు మూడూ త్రికోణంగా కలిసి ఉండును. ఒక తీగ పోతే, మిగిలిన రెండు తీగల మధ్య ఒక చుట్టుకు పూర్తి వోల్టేజి అందును. తక్కిన రెండు చుట్లు వరుసగా నిలిచి అదే వోల్టేజిని చెరి సగం పంచుకొనును. లోడును బట్టి అంకెలు కొంత అటూ ఇటూ అయినా తీరు మారదు. ఊళ్ళో కొన్ని ఇళ్ళలో బల్బులు బాగా వెలుగుతూ, కొన్ని ఇళ్ళలో మిణుకుమిణుకుమనుట దీని పై గుర్తే.

మూడవది: ఫేజుల మధ్య మూడు కొలతలూ 415 చొప్పున బాగున్నవి, కాని న్యూట్రలుతో చూస్తే ఒకటి 300, ఒకటి 180, ఇట్లు అడ్డదిడ్డంగా ఉన్నవి. న్యూట్రలు తెగినది. మిల్క్ ఎనలైజరు, కంప్యూటరు, ఫ్యాన్లు కాలిపోయేది ఈ వేళనే. వెంటనే మెయిన్ ఆపవలెను.

రెండవ కథ మన పాఠానికి ప్రాణం. దిమ్మె ఎక్కకుండా, తల పైకెత్తకుండా, పైనున్న ఫ్యూజు పోయిన సంగతి ఆరు అంకెలతో తెలిసిపోయినది. ఇక మన పని కంప్రెసరు మెయిన్ ఆపుట, 1912కు గాని లైన్‌మన్‌కు గాని చెప్పుట. ‘కరెంటు సరిగా లేదు’ అంటే అతను ఏ ఫ్యూజు తీగ తేవలెనో అతనికి తెలియదు. ‘అన్నా, ఒక ఫేజు 240, రెండు ఫేజులు 120 చూపుతున్నయి. పైన హెచ్.జి. ఫ్యూజు పోయినట్లుంది’ అంటే సరంజామాతో ఒక్కసారే వచ్చును. పాలు దక్కేది ఆ ఆదా అయిన గంటలోనే.

7. లెక్క వెనక్కి తిరిగితే

కరెంటు పోగానే జనరేటరు పెడతాము. ఇక్కడే సంఘం వల్ల ఇతరులకు ప్రమాదం. ట్రాన్స్‌ఫార్మరు ఒకవైపే పనిచేసే యంత్రం కాదు. పై నుండి 11,000 ఇస్తే కింద 433 వచ్చినట్లే, కింద నుండి 415 ఇస్తే పైన 415 × 25.4, అనగా దాదాపు 10,540 వోల్టులు లేచును. సింగిల్ ఫేజు చిన్న జనరేటరు కూడా తక్కువది కాదు. ఒక ఫేజు చుట్టుకు నిష్పత్తి 11,000కు 250, అనగా 44. 230 వోల్టులు వెనుకకు పోతే పైన 10,000 పైమాటే. లోడు పడి జనరేటరు కొద్దిసేపటిలో ఆగిపోవచ్చును గాని, లైను ఆపి స్తంభం మీద పనిచేసే మనిషికి ఆ కొద్దిసేపు చాలును. మన ఫోను విని మన పాల కోసం వచ్చినవాడు మన జనరేటరు వల్లనే పోకూడదు.

కావున జనరేటరుకు చేంజోవర్ స్విచ్ తప్పనిసరి. అది లైనును విడదీసిన తరువాతనే జనరేటరును కలపవలెను, న్యూట్రలును కూడా మార్చవలెను. రెండు మొనల ప్లగ్గుతో జనరేటరును గోడ సాకెట్టులో గుచ్చుట నేరంతో సమానం. పరీక్ష సులభం: జనరేటరు నడుస్తుండగా, పైన చెప్పిన జాగ్రత్తలతోనే, చేంజోవర్‌లో లైను వచ్చే వైపు కొలవవలెను. లైను కరెంటు లేని వేళ అక్కడ వోల్టేజి కనిపిస్తే జనరేటరును తక్షణం ఆపవలెను.

8. మీటరు పెట్టకూడని చోట్లు

ఈగలను చంపే నీలి దీపపు యంత్రంలోని జాలీ మీద వేల వోల్టులు ఉండవచ్చును. దానిని మీటరుతో చూడకూడదు. ప్లగ్గు తీసి, కొంతసేపు ఆగి, పొడి బ్రష్షుతో శుభ్రం చేయుటయే మన పని.

గడ్డి కోసే మిషను మోటారులోను, ప్యానెలులోను ఉండే కెపాసిటరు కరెంటు ఆపిన తరువాత కూడా వోల్టేజిని పట్టి ఉంచును. అయిదు నిమిషాలు ఆగి, హోల్డరులో పెట్టిన 230 వోల్టుల తంతి బల్బును దాని రెండు కొనలకు తగిలించి ఖాళీ చేసి, డీసీ రేంజిలో సున్న చూసిన తరువాతనే ముట్టుకొనవలెను. మూడు ఫేజుల ప్యానెలు కెపాసిటరైతే ఈ పని ఎలక్ట్రీషియనుకే వదలవలెను. స్క్రూడ్రైవరుతో షార్టు చేయరాదు.

11 కె.వి. తీగ తెగి నేల మీద పడితే అక్కడ కొలిచేది ఏమీ లేదు. తీగ చుట్టూ నేలలోనే వోల్టేజి పరచుకొని, అడుగు అడుగుకూ తేడా ఉండును. మనిషి కన్నా గేదెకు ముందు కాళ్ళకూ వెనుక కాళ్ళకూ మధ్య దూరం ఎక్కువ. అందువల్ల దాని ఒంటి గుండా పారే కరెంటూ ఎక్కువ. గేదె పడిపోయినా దగ్గరకు పరుగెత్తకూడదు. సప్లై ఆగినదని విద్యుత్ సిబ్బంది చెప్పిన తరువాతనే పోవలెను.

9. రిజిస్టరు, ప్రశ్నలు

పాల రిజిస్టరుతో పాటు ఒక వోల్టేజి పుస్తకం ఉంచవలెను. తేదీ, వేళ, లోడు లేనప్పుడు ఆరు కొలతలు, కంప్రెసరు తిరిగేటప్పుడు ఫేజుల మధ్య మూడు కొలతలు, చూసినవారి సంతకం. వారానికి ఒకసారి చాలును. తక్కువ వోల్టేజి గురించి విద్యుత్ సంస్థకు అర్జీ పెట్టినప్పుడు నాలుగు వారాల అంకెలు జతపరచితే దానికి బలం వచ్చును. నగదు పుస్తకాన్ని చూసినట్లే తనిఖీ అధికారి ఈ పుస్తకాన్నీ, చేంజోవర్ స్విచ్‌నూ చూసి సంతకం చేయుట మంచిది.

ఈ కింది ప్రశ్నలను పాలకవర్గ సమావేశంలో చదివి జవాబులు రాబట్టవలెను.

1) లోడు లేని వేళ మీటరు 405 చూపినది. లైనులో ఎన్ని వోల్టులు? అది హద్దులో ఉన్నదా? (జవాబు: దాదాపు 10,290. ఉన్నది.)

2) ఫేజులు న్యూట్రలుతో 236, 118, 119 చూపినవి. ఏ ఫ్యూజు పోయినది? ఎవరికి చెప్పవలెను? (జవాబు: పై వైపు హెచ్.జి. ఫ్యూజు. లైన్‌మన్‌కు లేక 1912కు.)

3) మెయిన్ స్విచ్ వద్ద మీటరు సున్న చూపినది. తీగ పట్టుకొనవచ్చునా? (జవాబు: కూడదు. మీటరును తెలిసిన సాకెట్టులో మళ్ళీ చూడవలెను. పని చేయవలసి ఉంటే స్తంభం వద్ద సప్లై తీయించి, మళ్ళీ కొలిచిన తరువాతనే.)

4) మీ సంఘంలో జనరేటరు తీగ ఎక్కడ కలుస్తున్నది? (దీనికి జవాబు పుస్తకంలో దొరకదు. సమావేశం కాగానే అందరూ లేచి వెళ్ళి చూడవలెను.)